యంత్రాల నాడి తెలిసిన నాయుడుగారు

ఎడిసన్ పేరు వినని విద్యార్థి మన కళాశాలలో ఉండడు. హెన్రీ ఫోర్డు పేరు, రైటు సోదరుల పేర్లు పాఠ్యపుస్తకాల ద్వారా చిన్ననాటి నుండే మనకు పరిచితమైనవి. అయితే ఇంట తెలుగు మాట్లాడుతూ పెరిగి, ప్రాథమిక దశలోనే బడికి స్వస్తి చెప్పి, మోటారు వాహనాలలోను విద్యుత్ పరికరాలలోను తన కాలపు వారిని నివ్వెరపరచిన గోపాలస్వామి దొరస్వామి నాయుడుగారి పేరు మాత్రం ఆమదాలవలస వంటి ఊళ్ళలో విన్నవారు అరుదు. తమిళదేశంలో ఆయనను భారతదేశపు ఎడిసన్ అని వ్యవహరిస్తారు. ఆ పోలిక మాకు అంతగా రుచించదు. ఆయన కార్యక్షేత్రం ప్రయోగశాల కాదు, మోటారు షెడ్డు. ఈ వ్యాసంలో ఆయన జీవితాన్ని చెప్పబూనుతూ, దానితోపాటు ఒక చిన్న పనిని గూర్చి కూడా కొంత విస్తరించి చెప్పదలచినాము. పాతకారులో ఇంజను మార్చినప్పుడు డ్యాష్‌బోర్డు మీద వేరే మీటర్లు అమర్చి, వాటికి వైరింగు చేసే పని అది. మహనీయుని చరిత్రలో ఈ మెకానిక్కు పని ఎందుకని పెద్దలకు తోచవచ్చును. నాయుడుగారు యంత్రాన్ని విప్పి చూచి విద్వాంసులైనారు. ఆయన విద్య ఎట్టిదో తెలియాలంటే ఏదో ఒక యంత్రభాగాన్ని మనమూ విప్పి చూడక తప్పదు.

కోయంబత్తూరు సమీపంలోని కలంగల్ గ్రామంలో 1893 మార్చి 23వ తేదీన ఒక వ్యవసాయ కుటుంబంలో ఆయన జన్మించారు. విజయనగర ప్రభువుల కాలంలోను, అటుపిమ్మట నాయకరాజుల కాలంలోను దక్షిణానికి తరలిపోయిన తెలుగు కుటుంబాలు ఆ ప్రాంతంలో నేటికీ అనేకం ఉన్నవి. తరాలు గడచినా వారు ఇంటిభాషగా తెలుగును నిలుపుకొన్నారు. నాయుడుగారిది అట్టి కుటుంబమే. పుట్టిన కొలదికాలానికే తల్లి మరణించింది. బడి చదువు ఆయనకు ఒంటబట్టలేదు. ఉపాధ్యాయుల మీద ఇసుక చల్లి పారిపోయే పిల్లవాడని ఆయన జీవితకథలు చెప్పేవారందరూ చెప్పే ముచ్చట. తండ్రి పొలంలో పని, ఏకాంతంలో కొంత పుస్తకపఠనం, ఇదే ఆయన బాల్యం. ఆ కాలంలోనే మన తీరం వెంట తూర్పుకోస్తా రైలుమార్గం పడుతున్నది. 1893కూ 1896కూ నడుమ ఆ మార్గం భాగభాగాలుగా తెరువబడినది. రైలు అంటే జనం గుంపులుగా వెళ్ళి చూచే రోజులవి. యంత్రం అనే మాటలోనే ఒక అద్భుతం ఉండేది.

కలంగల్ పల్లెకు ఆ అద్భుతం ఒక మోటారు సైకిలు రూపంలో వచ్చింది. లాంకషైర్ అనే ఆంగ్ల అధికారి ఒకరు రడ్జ్ కంపెనీ మోటారు సైకిలు మీద ఆ ప్రాంతానికి వచ్చారు. గుర్రం లేదు, ఎద్దు లేదు, తొక్కే పని లేదు, అయినా బండి పోతున్నది. దానిని చూచిన నాటి నుండి యువకుడైన నాయుడుగారికి నిద్ర పట్టలేదనుటలో అతిశయోక్తి లేదు. కోయంబత్తూరు చేరి ఒక హోటలులో సర్వరుగా పనికి కుదిరారు. కాఫీ గ్లాసులు మోసి, రూపాయి రూపాయి కూడబెట్టి, చివరకు ఆ మోటారు సైకిలునే కొన్నారు. కొన్నవాడు ఊరంతా తిరిగి చూపించుకోవడం లోకసహజం. ఆయన చేసిన మొదటి పని దానిని ముక్కముక్కలుగా విప్పడం, తిరిగి అమర్చడం. నేర్పే గురువు లేడు, చూచుకొనేందుకు పుస్తకం లేదు. ఆనాటి మోటారు సైకిలులో మనం నేడు చూచే మీటర్లు లేవని గుర్తుంచుకోవాలి. బ్యాటరీ లేదు, నిప్పురవ్వ మాగ్నెటో నుండి వచ్చేది. ఇంజనుకు నూనె కావలసి వచ్చినప్పుడు నడిపేవాడే చేతిపంపుతో కొట్టేవాడు. చప్పుడు, వేడి, వాసన, పొగరంగు, వీటిని బట్టే యంత్రం స్థితి గ్రహించాలి. వైద్యుడు నాడి పట్టి చూచినట్లు యంత్రాన్ని చెవితోను చేతితోను చూచే అలవాటు ఆయనకు అక్కడే పట్టుబడి ఉంటుందని మేము భావిస్తున్నాము.

ప్రత్తి వ్యాపారంలో ఆయన చేసిన ప్రయత్నాలను, మొదటి ప్రపంచయుద్ధ కాలంలో గడించినదంతా బొంబాయిలో పోగొట్టుకున్న వైనాన్ని ఇక్కడ వివరించనవసరం లేదు. చేతులు ఖాళీ అయి తిరిగి వచ్చినవారికి కోయంబత్తూరులోని ఆంగ్ల వ్యాపారి రాబర్ట్ స్టేన్సు తోడ్పడ్డారు. బస్సు నడుపుకొమ్మని సలహా ఇవ్వడమే గాక అప్పు కూడా సమకూర్చారు. 1920లో నాయుడుగారు ఒక బస్సు కొని, తామే డ్రైవరుగా పొళ్ళాచ్చి, పళని ఊళ్ళ మధ్య నడపసాగారు. ఆ ఒక్క బస్సు నుండి పెరిగినదే యూనివర్సల్ మోటార్ సర్వీసు. యు.ఎం.ఎస్. అన్న మూడక్షరాలు ఆ ప్రాంతంలో వేళ తప్పని ప్రయాణానికి మారుపేరైనవి. కొద్ది సంవత్సరాలలోనే దేశంలో అత్యంత సమర్థంగా నడిచే ప్రజారవాణా సంస్థలలో ఒకటిగా అది గణన కెక్కింది.

ఒక బస్సును తానే నడుపుకొనేవానికి కళ్ళూ చెవులూ చాలును. బస్సులు పెరిగినకొలది యజమాని దూరమవుతాడు. ఎక్కడో కొండదారిలో నీరు మరుగుతున్న ఇంజను, నూనె తగ్గిన ఇంజను, ఛార్జి కాని బ్యాటరీ, ఇవి షెడ్డులో కూర్చున్నవానికి తెలియవు. తెలిసే ఉపాయం ఉండాలి. నాయుడుగారు ఆ తరువాత చేసిన పరికరాలను వరుసగా చూస్తే వాటిలో చాలా వాటికి ఈ ఉపాయచింతనే మూలమని మాకు తోస్తుంది. ఫిలిం కెమెరాలకు దూరాన్ని సరిచేసే సాధనం, వేసిన ఓటును మోసానికి తావులేకుండా నమోదు చేసే యంత్రం, ఇవి రెండూ మనిషి కంటికి అందని దానిని నమ్మదగిన రీతిలో చూపించేవే. చిన్న మోటారుతో టార్చిలైటు సెల్లుల మీద పనిచేసే రాసంట్ అనే గడ్డం గీచే యంత్రం, పలుచని బ్లేడ్లు, పండ్లరసం తీసే యంత్రం, కిరోసిను పంకా, ఇవన్నీ ఆయన చేతి పనులే. 1937లో కోయంబత్తూరులోని పీళమేడులో ఆయన నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్సు నుండి విద్యుత్ మోటారు వెలువడినది. భారతదేశంలో తయారైన తొలి విద్యుత్ మోటారుగా దీనిని చెబుతారు. ఈ కార్యంలో ఆయనకు కుడిభుజంగా నిలిచినవారు డి. బాలసుందరం నాయుడుగారు. నేడు కోయంబత్తూరు మోటార్లు, పంపులు మన జిల్లా రైతుల బోరుబావులలో తిరుగుతున్నవంటే దానికి బీజం అక్కడ పడినది. 1941లో అయిదు వాల్వుల రేడియోను డెబ్బది రూపాయలకే తయారు చేయగలనని ఆయన ప్రకటించారు. రేడియో సంపన్నుల ఇండ్లలో మాత్రమే వినిపించే కాలమది.

ఐరోపా, అమెరికా ఖండాలు తిరిగారు. 1936లో లండనులో అయిదవ జార్జి చక్రవర్తి అంత్యక్రియలను తన కెమెరాతో చిత్రించారు. జర్మనీ కర్మాగారాలను చూచారు. పోయిన ప్రతిచోట రాజభవనాల కన్న వర్క్‌షాపులే ఆయనను ఆకర్షించినవి.

1952లో ఆయన రూపొందించిన రెండు సీట్ల పెట్రోలు కారు బయటకు వచ్చింది. దాని వెల రెండు వేల రూపాయలు. మధ్యతరగతి గుమాస్తా కూడా కొనదగిన కారు అన్నమాట. ప్రభుత్వం లైసెన్సు ఇవ్వ నిరాకరించినది, ఉత్పత్తి నిలిచిపోయింది. పరిశ్రమల అభివృద్ధి, నియంత్రణ చట్టం అమలులోకి వచ్చిన సంవత్సరం కూడా 1952యే. ఏ వస్తువు ఎవరు ఎంత తయారు చేయాలో ప్రభుత్వమే నిర్ణయించే విధానమది. దాని మంచిచెడ్డలు అర్థశాస్త్ర శాఖవారు చర్చించవలసినవి. మాకు సంబంధించిన ఫలితం వేరొకటి ఉన్నది. 1954 నాటికి జనరల్ మోటార్సు, ఫోర్డు సంస్థలు ఇక్కడ కార్లు బిగించే పని చాలించుకుని వెళ్ళిపోయినవి. విడిభాగాలు దొరకడం కష్టమైనది. కొత్తకారుకు ఏండ్ల తరబడి ఎదురుచూడవలసి వచ్చేది. అట్టి దేశంలో కారు చనిపోవడానికి వీలులేదు. ఇంజను పోతే వేరే ఇంజను పెట్టుకోవాలి. అమెరికా కార్లలో పెర్కిన్సు డీజిలు ఇంజన్లు దిగినవి, అంబాసిడర్లలో డీజిలు ఇంజన్లు దిగినవి. యుద్ధకాలపు విల్లీసు జీపులు సీతంపేట, పార్వతీపురం ఏజెన్సీ దారులలో పరాయి ఇంజన్లతోనే తిరిగినవి. శ్రీకాకుళం నుండి ఆమదాలవలస మీదుగా పాలకొండ పోయే రోడ్డు పక్క షెడ్లలో ఈ గుండెమార్పిడి నిత్యకృత్యంగా సాగిన కాలం ఒకటుండెను. చెరకు లారీల కాలం, సహకార చక్కెర కర్మాగారం నడిచిన కాలం అది. కర్మాగారం మూతపడినది. షెడ్లు మాత్రం పాతకార్లను ప్రేమతో బాగు చేయించుకొనే వారి పుణ్యమా అని ఇంకా కొన్ని ఉన్నవి.

ఇంజను మార్చే పని బలముతో కూడినది. చైను కప్పీ, నలుగురు మనుషులు, వెల్డింగు ఉంటే ఇంజను కూర్చుంటుంది. అసలు చిక్కు ఆ తరువాత వస్తుంది. బానెట్టు కింద ఒక దేశపు ఇంజను, ట్యాంకులో మరొక దేశపు ఫ్లోటు, డ్యాష్‌బోర్డు మీద పాతవి పగిలిపోగా బజారులో దొరికిన ఇంకొక కంపెనీ మీటర్లు. ముగ్గురూ మూడు భాషలు మాట్లాడతారు. వైరు కలిపితే చాలునని తలచేవాడు ఇక్కడనే మోసపోతాడు.

పెట్రోలు మీటరునే తీసుకొందాము. ట్యాంకులో ఫ్లోటు పైకి కిందికి కదలుతూ ఒక నిరోధకం మీద చిన్న చేతిని జరుపుతుంది. ఆ నిరోధం మారినకొలది విద్యుత్ ప్రవాహం మారుతుంది, ముల్లు కదలుతుంది. ఇది మన ఇంటర్మీడియట్ విద్యార్థులు చదివే ఓము సూత్రమే. అయితే ఖాళీ ట్యాంకుకు ఎన్ని ఓములు, నిండు ట్యాంకుకు ఎన్ని ఓములు అన్నది కంపెనీకొక తీరు. 1960ల తరువాతి బ్రిటిషు స్మిత్సు మీటర్లకు ఖాళీలో రమారమి 240 ఓములు, నిండినప్పుడు 30 ఓముల దరిదాపు. జర్మనీ వి.డి.ఓ. పద్ధతిలో ఖాళీకి 10, నిండుకు 180. జనరల్ మోటార్సు పాతకార్లలో ఖాళీకి సున్న, నిండుకు 90. ఇపుడు స్మిత్సు మీటరుకు వి.డి.ఓ. ఫ్లోటు కలిపితే ఏమవుతుంది? ట్యాంకు ఖాళీ అయినప్పుడు నిరోధం 10 ఓములు. మీటరు దానిని నిండుట్యాంకుగా గ్రహిస్తుంది. ముల్లు పని చేయకపోతే డ్రైవరు జాగ్రత్త పడతాడు, కర్ర పెట్టి కొలుచుకుంటాడు. ముల్లు నిబ్బరంగా నిలిచి అబద్ధం చెబితే రాత్రివేళ ఊరికి దూరంగా బండి ఆగిపోతుంది. పురిటి నొప్పులతో ఉన్న స్త్రీని ఏజెన్సీ నుండి తీసుకువస్తున్న జీపు అట్లు ఆగిందనుకొంటే ఈ ఓముల లెక్క ఎంత విలువైనదో తెలియగలదు.

కాబట్టి మొదట చేయవలసినది మల్టీమీటరు తీసుకుని ఫ్లోటు చేతిని కిందినుండి పైదాకా కదిపి రెండు కొసలలోను నిరోధం వ్రాసుకోవడం. మీటరు ఏ లెక్కకు చేయబడినదో చూచి, కుదరకపోతే మీటరైనా మార్చాలి, ఫ్లోటైనా మార్చాలి. ఇంకొక రహస్యమున్నది. స్మిత్సు తరహా మీటర్లలో లోపల వేడికి వంగే ద్విలోహపు పట్టీ ఉంటుంది. వానికి బ్యాటరీ వోల్టేజి నేరుగా ఇవ్వరాదు. నడుమ ఒక చిన్న స్టెబిలైజరు ఉండి సగటున 10 వోల్టులు మాత్రమే అందిస్తుంది. పాత డ్యాష్‌బోర్డు ఊడదీసినప్పుడు వెనుక ఉండే ఆ చిన్న డబ్బాను పనికిరానిదని పారవేయడం షెడ్లలో మేము చూస్తున్న విషయమే. అది లేకపోతే ముల్లు ఇంజను వేగాన్ని బట్టి ఊగిసలాడుతుంది, క్రమంగా మీటరు కాలిపోతుంది.

నీటివేడి మీటరు సంగతి మరింత గంభీరం. పాతకార్లలో సన్నని గొట్టంలో ద్రవాన్ని బంధించి, వేడికి పెరిగే పీడనంతో ముల్లును కదిపేవారు. తరువాత విద్యుత్ సెన్సారు వచ్చింది. వేడి పెరిగినకొలది దాని నిరోధం తగ్గుతుంది. కొత్త ఇంజనుతో వచ్చిన సెన్సారు పాత మీటరుకు సరిపోదు. మీటరుతో జతగా వచ్చిన సెన్సారునే, మర కుదరకపోతే ఇత్తడి అడాప్టరు వేయించి, కొత్త ఇంజనుకు బిగించాలి. బిగించేటప్పుడు మరకు టేపు చుట్టితే ఎర్తు తెగే ప్రమాదమున్నది, ఎందుకంటే ఆ సెన్సారుకు తిరుగువైరు ఇంజను శరీరమే. ఇంజనేమో రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది. ఇంజను నుండి ఛాసీకి దళసరి ఎర్తుపట్టీ ఒకటి తప్పనిసరి. ఆ పట్టీ మరచిపోతే విద్యుత్తు దొంగదారి వెతుక్కుంటుంది. ఆక్సిలరేటరు తీగ గుండానో, చోకు తీగ గుండానో ప్రవహించి వాటిని ఎర్రగా కాల్చుతుంది. మీటర్లన్నీ ఒకేసారి పిచ్చిగా ఆడుతున్నవంటే నూటికి తొంబది పాళ్ళు తప్పు మీటర్లలో ఉండదు, ఎర్తులో ఉంటుంది. వేడిముల్లు చల్లగా చూపుతుండగా హెడ్ గాస్కెట్టు కాలిన బాడుగ కార్లు ఎన్నో ఉన్నవి. ఆ నష్టం ఒక డ్రైవరు కుటుంబానికి నెలల తిండి.

ఎర్తు అనగానే మరొక విషయం. 1960ల మధ్యభాగం వరకు బ్రిటిషు కార్లలో పాజిటివ్ కొసను బాడీకి కలిపేవారు. తరువాతి ఇంజన్లకు నెగటివ్ ఎర్తు. ఆల్టర్నేటరును తలకిందులుగా కలిపితే దానిలోని డయోడ్లు క్షణంలో పోతాయి. విల్లీసు జీపులు 6 వోల్టులవి, డీజిలు ఇంజను స్టార్టరుకు 12 వోల్టులు కావాలి. ఆ 12 వోల్టులను పాత మీటర్లకిస్తే అవి బ్రతకవు. ఇక ఆమ్మీటరు. బండి ఉపయోగించే ప్రవాహంలో స్టార్టరుది తప్ప తక్కినదంతా దాని గుండా పోవాలి. పాత డైనమో ఇరువది చిల్లర ఆంపియర్లు ఇచ్చే రోజులకది సరిపోయింది. నలుబది, యాబది ఆంపియర్ల ఆల్టర్నేటరు పెట్టి, అదే 30 ఆంపియర్ల ఆమ్మీటరు ఉంచితే డ్యాష్‌బోర్డు వెనుక వైర్లు వేడెక్కి నిప్పంటుకొనే అవకాశముంది. దాని స్థానంలో వోల్టుమీటరు పెట్టడం వివేకం. ఇంజను ఆగి ఉండగా 12.6, నడుస్తుండగా 13.8కి 14.4కి మధ్య ఉంటే బ్యాటరీ ఆరోగ్యంగా ఉన్నట్లు.

స్పోర్ట్సు కార్లలో ఇంజను తిరుగుళ్ళ మీటరే రాజు. నాలుగు స్ట్రోకుల ఇంజనులో ప్రతి సిలిండరు రెండు తిరుగుళ్ళకొకసారి పేలుతుంది. నాలుగు సిలిండర్లకు తిరుగుడుకు రెండు నిప్పురవ్వలు, ఆరింటికి మూడు, ఎనిమిదింటికి నాలుగు. మీటరు ఈ రవ్వలనే లెక్కించుకుంటుంది. నాలుగు సిలిండర్ల కారులో ఎనిమిది సిలిండర్ల ఇంజను దింపి పాత మీటరే ఉంచితే రెండువేల తిరుగుళ్ళను నాలుగువేలని చూపుతుంది. డీజిలు ఇంజనుకు నిప్పురవ్వే లేదు, దానికి ఆల్టర్నేటరు మీద డబ్ల్యూ అని గుర్తున్న కొస నుండి సంకేతం తీసుకోవాలి. పరదేశాలలో ఈ ఇంజను మార్పిడి ఒక కళగా వర్ధిల్లినది. ఇంగ్లండులోని ఏ.సి. కంపెనీ వారి తేలికైన కారులో అమెరికా ఫోర్డు ఎనిమిది సిలిండర్ల ఇంజను దింపి 1962లో కరోల్ షెల్బీ కోబ్రా కారును సృష్టించాడు. మొదట్లో దానిలో స్మిత్సు మీటర్లుండేవి, పిదప అమెరికాకు చెందిన స్టూవర్టు వార్నరు మీటర్లు వచ్చినవి. ఇక స్పీడోమీటరుకు ఇంజనుతో పని లేదు. గేరుబాక్సు నుండి వచ్చే కేబులు దానిని తిప్పుతుంది. గేరుబాక్సో, వెనుక ఇరుసు పండ్లలెక్కో మారితే దాని మాట మారుతుంది. సరిచూచుకొనేందుకు జాతీయ రహదారి మీద కిలోమీటరు రాళ్ళున్నవి. ముల్లు అరవై మీద నిలిపి నడిపితే రాయికీ రాయికీ సరిగా అరవై సెకండ్లు పట్టాలి.

చదువరులు ఇప్పటికి గమనించియే ఉంటారు. ఈ పనిలో ప్రతి అడుగున కొంత భౌతికశాస్త్రమున్నది, ప్రతి అడుగున కొంత చేతిపని ఉన్నది. ఒకటి లేక రెండవది కుంటిది. నాయుడుగారు తమ జీవితమంతా పోరాడినది దీనికోసమే.

1945లో, అప్పటి మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ హోప్ పేరిట, కోయంబత్తూరులో పాలిటెక్నిక్కు, ఇంజనీరింగు కళాశాల నాయుడుగారి పూనికతో వెలసినవి. ఆ ఇంజనీరింగు కళాశాలయే నేటి ప్రభుత్వ సాంకేతిక కళాశాల. మూడవ తరగతి కూడా సరిగా చదవని వ్యక్తి ఆ కళాశాలకు ప్రిన్సిపాలుగా పనిచేశారన్నది మన విద్యావిధానం తలదించుకొని ఆలోచించవలసిన విషయం. నాలుగేండ్ల ఇంజనీరింగు కోర్సు విద్యార్థుల కాలాన్ని వృథా చేస్తున్నదని, వర్క్‌షాపులో ఎక్కువ సమయం గడిపితే రెండేండ్లు చాలునని ఆయన వాదించారు. ప్రభుత్వం అంగీకరించలేదు. ఆయన రాజీనామా చేసి వెళ్ళిపోయారు. రెండేండ్లు నిజంగా చాలునా అన్న విషయంలో మాకు సందేహమున్నది. ఓము సూత్రం తెలియకుండా వైరు రంగు మాత్రమే గుర్తుపట్టే పని ఏమవుతుందో పైన చెప్పిన పెట్రోలు ముల్లే సాక్షి. ఆయనకు గురువు లేకపోయినా అసాధారణమైన బుద్ధి ఉన్నది. అందరికీ అది ఉండదు, అందుకే గణితమూ కావాలి, ఏండ్లూ కావాలి. అయినా ఆయన ఫిర్యాదులోని సగభాగం నేటికీ నిలిచియున్నది. మన కళాశాలలో ఓము సూత్రానికి పూర్తి మార్కులు తెచ్చుకొన్న విద్యార్థి చేతికి మల్టీమీటరిచ్చి ఫ్లోటు నిరోధం కొలవమంటే ఏ కొస ఎక్కడ పెట్టాలో తోచక నిలబడడం మేము స్వయంగా చూచాము. ఆ విద్యార్థి తమ్ముడే పదమూడేండ్లకు షెడ్డులో ఉస్తాదు దగ్గర చేరి మీటర్లు కలుపుతుంటాడు, ఎందుకు కలుపుతున్నాడో అతనికి తెలియదు. ఒకే ఇంటిలో విద్య రెండు ముక్కలై కూర్చున్నది.

కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి ఒకటే. ఇందుకు భవనం అక్కరలేదు. భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఒక మూల ఒక చెక్కబల్ల, ఒక 12 వోల్టుల బ్యాటరీ, ఒక ఫ్యూజు పెట్టె, ఇనుప సామాను కొట్టులో తూకానికి దొరికే పాత మీటర్లు, ఫ్లోట్లు, రెండు సెన్సార్లు, వాటిని వేడిచేసి చూచేందుకు నీటిగిన్నె, ఒక ఉష్ణమాపకం. శనివారం సాయంత్రాలు షెడ్లలోని కుర్రవారిని కూడా పిలిచి మన విద్యార్థుల పక్కన కూర్చుండబెట్టవచ్చును. ఒకరు సూత్రం చెబుతారు, ఒకరు స్క్రూడ్రైవరు పట్టడం చూపుతారు. ఎవరు గురువో ఎవరు శిష్యుడో ముందుగా నిర్ణయించనవసరం లేదు.

నాయుడుగారి ఉత్తరజీవితం వ్యవసాయ ప్రయోగాలలోను, దానధర్మాలలోను, విద్యార్థులకు తోడ్పడుటలోను గడచినది. ప్రత్తి, మొక్కజొన్న, బొప్పాయి పంటలలో కొత్తరకాలు పెంచారు. సర్ సి.వి. రామన్, మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారల వంటి పెద్దలు ఆయన తోటను చూడవచ్చారు. 1967లో ఆయన పారిశ్రామిక ప్రదర్శనశాల ఏర్పడినది. 1974 జనవరి 4వ తేదీన, ఎనుబది ఏండ్ల వయస్సులో, ఆయన దివంగతులైనారు. 2015లో కోయంబత్తూరు అవినాశి రోడ్డులో ఆయన పేరును తలపించే జీడీ కార్ల ప్రదర్శనశాల తెరువబడినది. 2025 అక్టోబరులో అదే రోడ్డు మీద 10.1 కిలోమీటర్ల వంతెన ఆయన పేరిట ప్రారంభమైనది. ఒకనాడు అప్పు చేసి కొన్న ఒంటిబస్సుతో రోడ్డు మీదికి వచ్చిన మనిషి పేరు మీదుగా నేడు ఆ నగరపు బస్సులూ కార్లూ పోతున్నవి.